జేబులు ఖాళీ చేసుకో బామ్మర్దీ!

‘టప్’మంది.

అంతే. తలుపు మీద ఎవరో గులకరాయి విసిరినంత చప్పుడు. ఆ వెంటనే నా వీపు వెనక సన్నటి వణుకు మొదలైంది. ముందు సీట్లో ఉన్న బావ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంజన్ వేగం తగ్గించి, మెల్లగా రన్‌వే వైపు తిప్పాడు. కిందికి దిగాక నా మెడలోని కెమెరా వంక చూశాడు. దాని లెన్స్ మూత లేదు!

2023 అక్టోబరు సంగతి ఇది. టెక్సాస్‌లో ఉన్న మా అక్కావాళ్లింటికి సెలవు పెట్టి వెళ్లాను. బావ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. శని, ఆదివారాలు మాత్రం పూర్తిగా మెకానిక్. రెండేళ్లు కష్టపడి, కిట్ తెప్పించుకుని, రెండు సీట్ల గైరోప్లేన్‌ని సొంతంగా బిగించుకున్నాడు.

చూడ్డానికి హెలికాప్టర్‌కి తమ్ముడిలా ఉంటుందది. కానీ పైన తిరిగే పెద్ద రెక్కలకు గాల్లో ఇంజన్‌తో సంబంధం ఉండదు. చిన్నప్పుడు కాగితపు గాలిమర పట్టుకుని పరుగెత్తేవాళ్లం గుర్తుందా? మనం పరుగెడితే అదే తిరిగేది. ఇదీ అంతే. వెనకనున్న ప్రొపెల్లర్ ముందుకు తోస్తుంటే, ఆ గాలికి పై రెక్కలు వాటంతటవే తిరిగి మోస్తాయి. ఇంజన్ ఆగినా బండి రాయిలా పడిపోదు, తిరుగుతూనే కిందికి దిగుతుంది. హువాన్ డి లా సియెర్వా అనే ఇంజినీరు తయారుచేసిన ఇలాంటి బండి 1923లో స్పెయిన్‌లో మొదటిసారి ఎగిరింది. 1967 నాటి జేమ్స్‌బాండ్ సినిమా ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో కనిపించే బుల్లి విమానం కూడా ఈ జాతిదే.

అయితే ప్రొపెల్లర్ వెనక ఉండటంలో ఓ చిక్కుంది. తలుపులూ కిటికీలూ లేని ఆ బండిలో ఏది చేజారినా నేరుగా అందులోకే పోతుంది. టోపీ, కళ్లజోడు, ఫోను... ఏదైనా సరే. “జేబులు ఖాళీ చేసుకో బామ్మర్దీ” అని ఎక్కేముందు బావ రెండుసార్లు చెప్పాడు. అన్నీ తీశాను. లెన్స్ మూత మాత్రం చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టడం మరిచిపోయాను.

దెబ్బ తగిలిన చోటు చూస్తే వేలిగోరంత. రెక్క అంచున చిన్న పెచ్చు లేచి, అక్కడి నుంచి లోపలికి వెంట్రుకలాంటి గీత పోయింది.

“ఇంతేనా! ఏం కాదులే బావా. ఎమ్‌సీల్ లాంటిదేదైనా పెట్టి రుద్దితే సరిపోదా?” అన్నాను.

బావ కోప్పడలేదు. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాడు. ఇంజన్ నిమిషానికి 5,800 చుట్లు తిరిగితే, గేర్‌బాక్స్ దాన్ని తగ్గించి ప్రొపెల్లర్‌ని దాదాపు 2,400 చుట్లు తిప్పుతుంది. ప్రొపెల్లర్ కొస నుంచి కొసకు 68 అంగుళాలు. అంటే రెక్క చివర గంటకు 780 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది! ఆ వేగానికి ఒక్కో రెక్క మొదట్లో పడే లాగుడు టన్నుకు పైమాటే. “ఇందులో చిన్న ముక్క ఊడినా ప్రొపెల్లర్ తూకం తప్పుతుంది. ఆ ఊపుకి ఇంజనే ఊడి రావచ్చు” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి అక్క అన్నం వడ్డించింది గానీ మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అడిగింది. “ఒరేయ్, ఆ మూత కాస్త పెద్దదై ఉంటే?”

జవాబు నా దగ్గర లేదు. కొత్తదాని ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. “డబ్బు వద్దు. నాతో పని చెయ్” అన్నాడు బావ.

కొనడమంటే సైకిల్ టైరు కొన్నట్టు కాదని అప్పుడే తెలిసింది. విరిగిన రెక్క ఒక్కటే తెప్పించుకోవచ్చు. కానీ మూడు రెక్కలనూ బరువు సరిచూసి జతగా ఇస్తారట. రెండు పాతవాటి పక్కన ఒక కొత్తది పెడితే తూకం కుదురుతుందో లేదో! తెలిసినాయన ఒకరు వాడిన ప్రొపెల్లర్‌ని సగం ధరకే ఇస్తామన్నారు. నేను ఎగిరి గంతేశాను. బావ పరీక్షగా చూసి వెనక్కిచ్చేశాడు. అది ముందువైపు ఇంజన్ ఉండే విమానానిది. అదే ఇంజన్ని వెనక్కి తిప్పి పెడితే రెక్కల వంపు కూడా అటుదిటు కావాలి. కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడిగినట్టన్నమాట.

చెక్కది చవక, చూడ ముచ్చట. కానీ దాని వంపు మార్చుకోవడానికి వీల్లేదు. పైగా చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. బోల్టుల బిగువు మాటిమాటికీ చూసుకోవాలి. పోనీ ఇంకాస్త పొడుగుది వేస్తే తోపు పెరుగుతుంది కదా అంటే, రెక్క కొసకూ తోక గొట్టానికీ మధ్య ఉన్న ఖాళీ చాలదు. వేరే రకం వేస్తే అక్కడి నిబంధనల ప్రకారం పెద్ద మార్పు చేసినట్టు లెక్క. మళ్లీ కనీసం అయిదు గంటలు ఒంటరిగా నడిపి పరీక్షించాలి. చివరికి పాతదానిలాంటిదే, మూడు రెక్కల కొత్త సెట్టు ఆర్డరిచ్చాడు. అది వచ్చేలోపు గేర్‌బాక్స్‌ని కూడా పరీక్ష చేయించాడు. దెబ్బ రెక్కకి తగిలినా, అదురు లోపలికి పోయి ఉంటుందని అనుమానం.

నా తిరుగు ప్రయాణం నాలుగు రోజులుందనగా పెట్టె వచ్చింది.

బావ ముందుగా ఇంజన్ స్విచ్‌లు కట్టేసి, తాళం తీసి నా జేబులో వేశాడు. ఈసారి గుండీ పెట్టాను! స్పార్క్ ప్లగ్గుల టోపీలూ ఊడదీశాడు. పొరపాటున కూడా ఇంజన్ అందుకోకూడదు.

రెక్కల్ని మధ్యలోని దిమ్మలో అమర్చి, ఒక్కొక్కటీ ఎంత వాలుగా ఉండాలో కోణం కొలిచే పరికరంతో సరిచేశాం. చెక్కలోకి మర దిగినట్టు రెక్క గాల్లోకి దిగుతుంది. వాలు ఎక్కువైతే గాలిని ఎక్కువ కొరుకుతుంది, ఇంజన్ ఆయాసపడుతుంది. తక్కువైతే ఇంజన్ ఊరికే గింగిరాలు కొడుతుంది, బండి ముందుకు పోదు. మూడింటి వాలూ ఒకటే ఉండాలి. పాత కొలత లాగ్‌బుక్‌లో రాసి ఉంది కాబట్టి దాంతోనే మొదలుపెట్టాం.

బోల్టులు బిగించేటప్పుడు కారు చక్రానికి చేసినట్టే ఎదురెదురువి, కొంచెం కొంచెంగా. ఎంత బిగువు పట్టిందో చెప్పే పానా ఉంటుంది. కంపెనీ కాగితంలో రాసిన అంకె దగ్గర అది ‘టిక్’మంటుంది. అక్కడితో ఆపేయాలి. “ఇంకో పట్టు పడదామా?” అన్నాను అలవాటుగా. “తక్కువైతే వదులవుతుంది, ఎక్కువైతే తెగుతుంది” అన్నాడు బావ. పాత నట్లు మళ్లీ వాడలేదు. తర్వాత రెక్క కొసకు ఎదురుగా ఓ కర్ర నిలబెట్టి, చేత్తో తిప్పుతూ మూడు కొసలూ ఒకే చోట నుంచి పోతున్నాయో లేదో చూశాం. తేడా రెండు మిల్లీమీటర్లలోపే.

తోకను తాడుతో గట్టిగా కట్టి, చక్రాలకు అడ్డు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు. పూర్తి వేగంలో 5,150 దగ్గర ఆగింది. లాగ్‌బుక్‌లో పాతది 5,250. వాలు అర డిగ్రీ తగ్గించాం. సరిగ్గా 5,250! గాల్లోకి లేచాక బరువు తగ్గి ఇంకొంచెం పెరుగుతుందట. 5,800 మాత్రం దాటకూడదు. మర్నాడు ఓ మెకానిక్ వచ్చి ఇంజన్‌కి వణుకు కొలిచే పరికరం తగిలించాడు. ఊగే సీలింగ్ ఫ్యాను రెక్క మీద మనం రూపాయి బిళ్ల అంటిస్తామే, అచ్చం అలాగే చిన్న వాషర్ ఒకటి వేశాడు. వణుకు పోయింది.

అంతా అయ్యాక బావ పానా నా చేతికిచ్చాడు. “మళ్లీ మొదటి నుంచి నువ్వు చూడు. నేను బిగించినవి నా కళ్లకు బాగానే కనిపిస్తాయి” అన్నాడు. ఒక్కో బోల్టూ ‘టిక్’మన్నాక దానిమీద ఎర్ర రంగుతో గీత గీశాను. వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. మూత జారవిడిచిన చేతికే ఆ పని అప్పగించినందుకు నాకు కళ్లు చెమర్చాయి.

మొదట బావ ఒక్కడే వెళ్లాడు. రన్‌వే చుట్టూనే గంటసేపు తిరిగి దిగాడు. మళ్లీ బోల్టులు చూశాం. గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

“వస్తావా?” అన్నాడు.

నేను అక్క వైపు చూశాను. తను అక్కడికి రావడం అదే మొదటిసారి. ఏమీ అనలేదు. దగ్గరికొచ్చి, పరీక్షకు పంపే పిల్లాడికి చూసినట్టు నా జేబులన్నీ తడిమింది. పెన్ను, చిల్లర, దువ్వెన బయటికి తీసింది. కెమెరా తన మెడలో వేసుకుంది. చొక్కా జేబు గుండీ తనే పెట్టి, “ఇప్పుడెళ్లు” అంది.

హైదరాబాద్ వచ్చాక ఓ రోజు మా హాల్లో ఫ్యాను ఊగడం మొదలుపెట్టింది. ఏడాది కిందటైతే ‘ఏం కాదులే’ అని పేపర్ చదువుకునేవాణ్ని. వెంటనే స్టూలెక్కి స్క్రూలు చూశాను. రెండు వదులు! ఎర్ర రంగు కోసం మా ఆవిడ నెయిల్ పాలిష్ సీసా అడిగితే వింతగా చూసింది. చూడనివ్వండి.