పాత కుండకు కొత్త రంగులు



మీ ఇంట్లో బాల్కనీ మూలనో, మెట్ల కిందో ఒక పాత మట్టికుండ ఉండే ఉంటుంది. వేసవిలో నీళ్ల కోసం కొన్నది, అంచు కాస్త పగిలిందని పక్కన పెట్టేసినది. దాన్ని పారేయకండి. ఈ సెలవుల్లో మీ పిల్లల చేతికి ఇవ్వండి.

నేను ఆరో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను, ఆర్ట్ టీచర్‌ని కాను. అయినా ఇది రాయడానికి కారణం ఉంది. క్లాసులో నాకు రోజూ వినిపించే ప్రశ్న ఒకటే: "మేడమ్, ఇది కరెక్టేనా?" ఒక వాక్యం రాసి అడుగుతారు. ఇంకోటి మొదలుపెట్టే ముందు మళ్లీ అడుగుతారు. తెలివి లేక కాదు, తప్పయితే మార్కు పోతుందన్న భయం. ఆ భయంతోనే చాలామంది ఇంగ్లిష్‌లో నోరు విప్పరు.

ఒక శనివారం యాక్టివిటీ పీరియడ్‌లో పిల్లలతో పాత కుండలకు రంగులు వేయించాం. మొదటి పది నిమిషాలూ "మేడమ్, ఏ రంగు వేయాలి?" అనే గోల. "మీ ఇష్టం" అన్నాను. కాసేపటికి ప్రశ్నలు ఆగిపోయాయి. ఒక పాప కుండ మీద నీలం రంగు కారిపోయింది. తను ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆ చారలనే వాన చేసేసి, కింద ఒక గొడుగు వేసింది. ఎప్పుడూ మాట్లాడని ఆ పాప, తన కుండ గురించి అందరి ముందూ ఇంగ్లిష్‌లో ఐదారు వాక్యాలు చెప్పింది. రెండు చోట్ల గ్రామర్ తప్పింది. నేను మధ్యలో ఆపలేదు.

కుండకు రంగులు వేయడం మనకు కొత్త కాదు. పెళ్లిళ్లలో కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండలు గుర్తున్నాయా? ఏం డిజైన్ వేయాలో తోచకపోతే పిల్లల్ని నానమ్మనో అమ్మమ్మనో అడగమనండి. చుక్కల ముగ్గులు కుండ మీద చాలా బాగుంటాయి. ఎర్రటి రంగు మీద చెరియాల బొమ్మల్లాంటివి ప్రయత్నించినా అందమే.

పద్ధతి సులువే. కుండను కడిగి, ఒకటి రెండు రోజులు ఎండలో బాగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడవండి. ముందు తెల్ల ప్రైమర్ ఒక పూత వేస్తే పైరంగులు నిండుగా కనిపిస్తాయి. అది ఆరాక పెన్సిల్‌తో గీసుకుని అక్రిలిక్ రంగులు వేయాలి. ఒక పూత ఆరాకే ఇంకోటి. చివర్లో వార్నిష్ పెద్దవాళ్లే, గాలి వచ్చే చోట వేయండి. మొక్క పెట్టాలనుకుంటే చిన్న ప్లాస్టిక్ కుండీలో నాటి లోపల ఉంచండి. లేదంటే తడి మట్టి గోడల్లోంచి ఊరి, రంగు పొక్కులు లేచి రాలిపోతుంది.

తాగే నీళ్ల కుండకు మాత్రం రంగు వద్దు. గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవడం వల్లే లోపలి నీళ్లు చల్లబడతాయి. రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది. ఎందుకు వద్దంటున్నారో పిల్లల్నే ఆలోచించి చెప్పమనండి. సైన్స్ పాఠం అక్కడే అయిపోతుంది.

ఇక ఒక చిన్న విన్నపం. ప్రాజెక్టు వర్క్ రాత్రి పదకొండింటికి మేమే కూర్చుని పూర్తి చేస్తున్నామని పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు నాతో అన్నారు. మీ కష్టం అర్థమవుతుంది. కానీ ఇది ప్రాజెక్టు కాదు. మార్కులు లేవు, సబ్మిషన్ డేట్ లేదు. గీత వంకరపోతే పోనివ్వండి. "ఇలా ఇవ్వు, నేను సరిచేస్తా" అని బ్రష్ మాత్రం తీసుకోకండి. పక్కన కూర్చోండి, ఫోన్ కాసేపు లోపల పెట్టండి, వాళ్లు చెప్పేది వినండి.

పూర్తయ్యాక ఆ కుండను గుమ్మం దగ్గర, నలుగురి కళ్లూ పడేచోట పెట్టండి. ఇంటికొచ్చిన వాళ్లు ఎవరు వేశారని అడిగితే, జవాబు మీ పాపనో బాబునో చెప్పనివ్వండి. తెలుగులో చెప్పినా, ఇంగ్లిష్‌లో చెప్పినా ఫరవాలేదు. తడబడకుండా చెబుతారు, చూడండి.