చిన్న తేలే గదా అనుకోకండి!

పామూరు పేరులో పాము వుంది గాని, ఆ చుట్టుపక్కల పల్లెల్లో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో అర్ధరాత్రి నా తలుపు తట్టించింది ఎక్కువగా తేలే. ఎర్రనేల, రాతిగుట్టలు, మట్టిగోడలు, వానకంటే ఎండే ఎక్కువ. తేలుకు ఇంతకంటే సుఖమైన చోటు ఏముంటుంది?

ఎం.బి.బి.ఎస్. పాసై ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వేసవి సాయంత్రం జరిగిన సంగతి ఇది. ఒక రైతు ఆరేళ్ళ కొడుకును భుజాన వేసుకుని వచ్చాడు. చంపిన తేలును చెంబులో వేసి తెచ్చాడు. చూస్తే రెండంగుళాలుంటుంది, ఎర్రగా వుంది.

“చిన్నదే సారూ, భయం లేదు గదా?” అన్నాడు.

“మండ్రగబ్బయితే కంగారు పడాలి గాని దీనికేం భయం?” అన్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో విన్న మాటే అది. వేలికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాను. నొప్పి తగ్గింది. పిల్లవాడికి ఒళ్ళంతా చెమటలు పట్టివున్నాయి, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, అరచేతులు చల్లగా వున్నాయి. భయపడ్డాడనుకుని ఇంటికి పంపించేశాను.

అర్ధరాత్రి దాటాక మళ్ళీ తీసుకువచ్చారు. ఊపిరి ఆడటం లేదు. దగ్గుతుంటే నోటివెంట గులాబిరంగు నురగ వస్తోంది. ఆ రోజుల్లో 108 లేదు. జీపు మాట్లాడుకుని పెద్దాసుపత్రికి బయలుదేరాం. పిల్లవాడు దారిలోనే పోయాడు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే తేళ్ళలో రకాలు తెలుసుకోవడం కాలక్షేపం కబురు కాదంటాను. మన ఇళ్ళ చుట్టూ ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది మండ్రగబ్బ. నల్లగా, అయిదారంగుళాల పొడవుతో చూడగానే గుండె ఝల్లుమనిపిస్తుంది. పొలం గట్లలోనూ, మొద్దులకిందా బొరియ తవ్వుకుని వుంటుంది. వాన నీళ్ళు బొరియలోకి వస్తే బయటపడుతుంది. కుడితే నొప్పి, వాపు బాగానే వుంటాయి గాని సాధారణంగా ప్రాణాపాయం వుండదు.

రెండవది సన్నటి గోధుమరంగు తేలు. చెట్ల బెరడులోనూ, ఇంటికప్పు గడ్డిలోనూ దాక్కుంటుంది. కందిరీగ కుట్టినట్టు మంట పెడుతుంది.

మూడవది ఎర్ర తేలు. రెండు మూడంగుళాలకు మించి అరుదుగా పెరుగుతుంది. రాళ్ళ కుప్పలు, గోడ నెర్రెలు, పెంకుల సందులు, కట్టెల మోపులు, పిడకల గూళ్ళు, చివరికి మడతపెట్టిన దుప్పటి, విప్పిన చెప్పు కూడా దీనికి ఇల్లే. మార్కాపురం వైపు పలకరాళ్ళు పేర్చిన చోట చెయ్యి పెట్టేవారు జాగ్రత్తగా వుండాలి. మన దేశంలో ప్రాణాలు తీసే తేలు ముఖ్యంగా ఇదే.

ఒక గుర్తు చెబుతాను. ముందరి డెక్కలు లావుగా, తోక సన్నంగా వుంటే సాధారణంగా విషం తక్కువ. డెక్కలు సన్నంగా, తోక లావుగా వుంటే అనుమానించాలి. బలమైన డెక్కలున్నది వాటితోనే ఎరను నలిపేస్తుంది. అవి లేనిది విషాన్నే నమ్ముకుంటుంది.

ఎర్ర తేలు విషం నరాలను రెచ్చగొట్టి ఒంట్లోకి అడ్రినలిన్‌లాంటి పదార్థాలను వరదలా వదిలిస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రజోసిన్ మాత్ర ఈ బిగువును విప్పుతుందని గమనించారు. 1986లో ‘లాన్సెట్’ పత్రికలో ఆ సంగతి రాశారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. నేను మెడికల్ కాలేజీలో అడుగుపెట్టకముందే అచ్చయిన విషయం, ఆ రాత్రి నాకు తెలియలేదు! ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా నా బల్ల సొరుగులో ఆ మాత్రలు లేని రోజు లేదు. ఇప్పుడు ఎర్ర తేలు విషానికి విరుగుడు సీరం కూడా వుంది. ప్రజోసిన్‌తో కలిపి ఇస్తే రోగి త్వరగా కోలుకుంటాడని 2011లో తేలింది.

“మంత్రం వేస్తే తగ్గింది గదా డాక్టరుగారూ?” అంటారు కొందరు. మండ్రగబ్బ నొప్పి ఏ మంత్రమూ లేకుండానే కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఆ పేరు మంత్రగాడికి వస్తుంది. ఎర్ర తేలు కుట్టినప్పుడు ఆ గంటలే ప్రాణం ఖరీదు చేస్తాయి. చింతగింజ అరగదీసి అంటించడం, తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, కాల్చడం, ఇవేవీ వద్దు. తడిగుడ్డ కట్టి, ధైర్యం చెప్పి, పడుకోబెట్టే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రజోసిన్ ఇచ్చాక లేచి నిలబడితే రక్తపోటు పడిపోవచ్చు. కాబట్టి ఆ మాత్రను ఇంట్లో మీరే వేయకూడదు. పిల్లలనైతే ఒక రోజంతా డాక్టరు కళ్ళముందు వుంచడం మంచిది.

తేలు రాత్రిపూట తిరిగే ప్రాణి. చీకట్లో టార్చి లేకుండా, చెప్పులు లేకుండా నడవకండి. చెప్పులు, దుప్పట్లు దులిపి వాడండి. మంచాన్ని గోడకు ఎడంగా వేసుకోండి. కట్టెలు, రాళ్ళు, పిడకలు ఇంటిగోడకు ఆనించి పేర్చకండి. గోడ నెర్రెలు పూడ్చండి.

ఇక తేలు కుట్టిన పిల్లవాణ్ణి “నొప్పి తగ్గిందా నాయనా?” అని అడిగి ఊరుకోకండి. ఒంటిమీద చెమట చూడండి, వాంతులయ్యాయేమో కనుక్కోండి, చేతులు పట్టుకుని చల్లగా వున్నాయేమో చూడండి. వుంటే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ సాయంత్రం నేనూ ఆ చేతులు పట్టుకునే చూశాను. చల్లగానే వున్నాయి. వాటి అర్థమే నాకు తెలియలేదు.