నెజు వీధులలో అజేలియా పొదలు

టోకియో మహానగరమున నెజు అను పాతపేట యొకటి కలదు. అచటి దేవాలయము 1706వ సంవత్సరమున తోకుగావ వంశమునందలి ఐదవ షోగును త్సునయోషి కట్టించినది. భూకంపములును, యుద్ధాగ్నియు దహించిన ఆ నగరమున నింతటి పురాతన నిర్మాణము నిలిచియుండుట విశేషమే. ఆవరణమున నొక వాలుగట్టుపై నూరు రకముల అజేలియా పొదలు, సుమారు మూడువేలు, నాటబడియున్నవి. ఏప్రిలు మాసమున ఆ గట్టున ఆకు కానరాదు, అంతయు పూవే. గుండ్రముగా కత్తిరింపబడిన పొదలు, తెల్లనివి, గులాబివన్నెవి, కెంపురంగువి, ఊదారంగువి, ఒకదాని నొకటి యొరసికొని కూర్చుండిన పేరంటాండ్రవలె నుండును. జనులు రుసుము చెల్లించి సన్నని బాటలవెంట వరుసదీరి నడచుచుందురు.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా ఆ పేటలోనే కాపురముండుటచే ఏప్రిలు నడుమనుండి జూను రెండవ వారమువఱకు నే నచట నుండుట తటస్థించినది. గుడితోట నొక్కనాడు చూచితిని. వెనుకసందులలోని పొదలను ప్రతిదినము చూచితిని. ఈ మొక్క మర్మము తెలిసినది అచటనే.

ఆ సందులలో ఇండ్లకు పెరడు లేదు. గోడకును బాటకును నడుమ మూరెడు మన్ను దొరకినచో నదియే తోట. అదియు లేనిచోట మట్టితొట్లు. అంత కొంచెపు చోటున మితిమీరి పెరుగని మొక్క కావలెను, శీతకాలమున బోసిపోనిది కావలెను, ఏటేట పూయవలెను. ఈ మూడు గుణములును గలది, జపానీయులు త్సుత్సుజి యని పిలుచు నీ పొట్టి అజేలియా. వసంతమున పుట్టిన ఆకులు శరత్తున రాలినను, వేసవి కడపట వచ్చిన చిన్నాకులు చలికాలమంతయు కొమ్మల నంటియుండును. మోకాలి యెత్తునకు కత్తిరించి యుంచినను ఈ పొద అలుగదు. పాత పంచాంగమునందలి ఐదవ మాసమున పూచు తెగను సత్సుకి యందురు. ఆ మాసము పేరే దానికి వచ్చినది.

కొండలలో దీని పుట్టిల్లు దక్షిణమునందలి క్యూషూ ద్వీపము. అచటి అగ్నిపర్వతముల శిఖరములపై, గాలికి వెఱచి నేల నంటి పెరుగు అడవి అజేలియాలు నేటికిని కలవు. ఆ ద్వీపమునందే కురుమె పట్టణమున సకమొతొ మొతొజో అను యోధుడు పందొమ్మిదవ శతాబ్దమున విత్తులు మొలపించి, చిన్నపూవుల చిక్కని పొదలను సాకెను. కత్తి పట్టిన చేయి నారు పోయుట నాకు మిక్కిలి నచ్చినది. కురుమె పొదలు 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనమునకు వెళ్లెను. 1918లో ఎర్నెస్టు విల్సను అను ఆంగ్లేయ వృక్షాన్వేషకుడు కురుమెకు స్వయముగా వచ్చి, ఏబది రకముల నేరి అమెరికాలోని ఆర్నాల్డు వృక్షవాటికకు చేర్చెను. అంతకు చాల పూర్వమే, 1692లో, సొమెయి గ్రామమున నారుమళ్లతో జీవించిన ఇతో ఇహెయి 'కిన్షూ మకుర' అను గ్రంథమున మూడువందలకు పైబడిన రకములను వర్ణించెను. జరీతలగడ యని ఆ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. తోటమాలి వ్రాసిన పుస్తకమునకు ఎంత సొగసైన పేరు! సొమెయి నేడు నగరమున కలిసిపోయినది.

ఇక నేల సంగతి. అశోకము స్త్రీ పాదతాడనమునను, పొగడ పుక్కిటి మద్యమునను, గోరంట కౌగిలింతను పూచునని మన ప్రబంధకవులు దోహదములు చెప్పిరి. ఈ పొదకు దోహదము పులుపు. మన్ను ఆమ్లగుణము గలదై, పి.హెచ్. లెక్కను 4.5కును 6కును నడుమ నుండవలెను. చౌడునేల, సున్నపునేల దీనికి పనికిరావు. సున్నము హెచ్చినచో మన్నున ఇనుము ఉండియు వేరున కందదు. అప్పుడు ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలిచి, ఆకు తక్కిన భాగము పసుపువాఱును. జపానున అగ్నిపర్వతముల ధూళి పడి, విస్తారమగు వానలకు సున్నము కడుగుకొనిపోయి, నేల చాలచోట్ల సహజముగనే పులిసియుండును. అగ్నిపర్వతపు బూడిద మేలుచేసినదని పొయ్యిబూడిద వేయరాదు సుమా! కట్టెబూడిద క్షారము.

వేళ్లు వెండ్రుకలవలె సన్నవి. లోతునకు దిగవు, మన్ను పైపొరలోనే అల్లుకొని యుండును. మల్లెకు వలె పాదు త్రవ్వుట కూడదు. కలుపు చేతితో తీసి, మొదట ఎండుటాకులు పరచినచో చాలును. పూత ముగిసిన పిదప ఆవచెక్క పిడికెడు వేయుదురు. మన తెలకపిండి జ్ఞప్తికి వచ్చినది. కత్తెర పట్టవలసినదియు ఆ దినములలోనే. మఱుసటి యేటి మొగ్గలు జూలై, ఆగస్టు మాసములలోనే కొమ్మకొనల రూపుకట్టును. శరత్తున పొదను చక్కదిద్దినవారు రాబోవు పూవులనే కత్తిరించినవారగుదురు. పసిపిల్లలు గల తల్లులు మఱియొకటి తెలిసికొనవలెను: ఆకు, పూవు, తేనె అన్నియు విషములే. చీనా లిపిలో దీని పేరునకు తడబడి నడచుట యని యర్థము. మేసిన గొఱ్ఱెలు తూలుటచే ఆ పేరు వచ్చెనందురు.

మా తమ్ముని యింటి యెదుట ఎనుబదియేండ్ల వృద్ధురాలు ఒంటరిగా నుండెను. ఆమె భర్త నలువదియేండ్ల క్రిందట నాటిన తెల్లని కురుమె పొద వాకిట నుండెను. జూలైలో ఇల్లు పడగొట్టి స్థలము అమ్ముటకు బిడ్డలు నిశ్చయించిరి. ఆమె కుమార్తె యింట ఐదవ అంతస్తునకు పోవలసియుండెను. ఆమె ఎవరితో నేమియు అనలేదు. ప్రతి యుదయమున వాడిన పూవులను ఒక్కొక్కటిగా త్రుంచుచుండెను.

మా మరదలు గుంటూరు పిల్ల. తన వాకిటి మూరెడు మన్నున కరివేపయు మల్లెయు పెట్టి, రెండు శీతకాలములందును మంచునకు పోగొట్టుకొన్నది. ఒకనాడు, "వదినా, ఆ పొదను మనము తెచ్చుకొందమా? అవ్వగారిని అడుగుటకు నోరు రాకున్నది" అనెను. అడుగకుండిన యంత్రము వచ్చి పెకలించును గదా యని నేనంటిని. ఆమె వెళ్లి యడిగెను. అవ్వ ఔననలేదు, కాదనలేదు. మా వాకిటికి వచ్చి వంగి చూచి, సిమెంటు గోడను వ్రేలితో తట్టి, ఈ గోడనుండి సున్నము దిగును, ఇచట నాటినచో రెండేండ్లలో చచ్చును అని చెప్పి వెళ్లెను. మరదలు చిన్నవోయినది. మఱునాడు ఆమెయే వచ్చి, ఎంత లోతు త్రవ్వవలెనో, ఏ మన్ను తేవలెనో కాగితముపై బొమ్మ గీసి యిచ్చెను.

ఆ మన్ను పేరు కనుమ! సంక్రాంతి మఱునాటి పండుగ తలపునకు వచ్చి నేను నవ్వితిని. అది తోచిగి ప్రాంతమునందలి కనుమ పట్టణమున భూమిలో పొరగా దొరకును. అకగి పర్వతము వేలయేండ్ల క్రిందట వెడలగ్రక్కిన నురుగువంటి తేలికరాతి పలుకు. తడిసియున్నప్పుడు పసుపు, ఎండినప్పుడు తెలుపు. కావున నీరు పోయవలసిన వేళ దానికదియే చెప్పును. గోడప్రక్క మన్ను అడుగున్నర లోతు తీసివేసి, కనుమమన్నును ఆకుమన్నును కలిపి నింపితిమి. గోడకు దూరముగా, చుట్టునున్న నేలకంటె బెత్తెడు ఎత్తుగా దిబ్బకట్టితిమి.

జూను మొదటి వానలు పడగనే పొదను మూడవవంతు తగ్గించి, చుట్టును త్రవ్వితిమి. వేళ్లు అడుగునకు మించి దిగకపోవుటచే చాపవలె ఒక్క ముద్దగా లేచినది. గోనెలో చుట్టి నలుగురము మోసితిమి. సెలవులకు వచ్చిన మావారు, బడిపంతులు గనుక, ఆజ్ఞలిచ్చుటయే హెచ్చు. అవ్వ గొడుగు పట్టుకొని నిలుచుండెను. పిదప కత్తిరించిన కొమ్మలలో నాలుగు లేతవి ఏరి, చిన్నతొట్టిలో కనుమమన్నున గ్రుచ్చి, తన వరండాకని తీసికొనిపోయెను.

మఱుసటి ఏప్రిలున మరదలు జాబు వ్రాసినది. ఉత్తరపు వైపు కొమ్మ యొకటి ఎండినదట. తక్కినవి తెల్లగా పూచినవట. అవ్వ రైలుబండిలో వచ్చినది. ముందుగా గోడవైపు ఆకులను తిరుగవేసి, పసుపువాఱలేదని చూచుకొన్నది. తరువాత చిన్నపీట వేయించుకొని, మరదలు కాఫీ తెచ్చునంతలో, వాడిన పూవులను త్రుంచుట మొదలుపెట్టినది. ఆమె తొట్టిలోని నాలుగు కొమ్మలలో మూడు వేరుపట్టినవట. పూత మాత్రము ఇంకను రాలేదు.