గాజు అరపై రైలుబండి

మా పెద్దదోర్నాలకు రైలుమార్గము లేదు. రైలెక్కవలెనన్న మార్కాపురము రోడ్డు స్టేషనునకు బోవలయును. అందుచేతనేమో నాకు బొమ్మరైళ్లపై మక్కువ మెండు. ఏటేట కూర్చుకొన్న యింజనులు, పెట్టెలు మా యింటి బీరువాలో గాజు అరలపై బారులుదీరి యున్నవి.

భూకంపము దూరదేశముల వార్త మాత్రమే కాదు. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున 5.4 తీవ్రతతో భూమి కంపించెను. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు ప్రాంతములలో పలుమార్లు స్వల్పముగా నదరెను.

గాజు నున్ననిది, బండికి చక్రములున్నవి. అర యించుక యూగినను బండి దొర్లి యంచు దాటును. కావున బీరువాను గోడకు మరలతో బిగించితిమి. ప్రతి బండిని కొయ్యపలకపై నమర్చిన పట్టాలపై నిలిపి, రెండు కొనలయందును అడ్డుచెక్కలు కొట్టితిని. పలక క్రింద రబ్బరు పఱచి, అర యంచున సన్నని కొయ్యపట్టీ వేసితిని. బరువైన యింజనులు క్రింది యరకు దిగినవి.

అన్నిటికంటె ముందు చేసిన పని వేఱు. ఆ బీరువా ప్రక్కనే మా తమ్ముడు పరుండెడివాడు. వాని మంచమును ఎదుటి గోడకు మార్చితిమి. విఱిగిన బొమ్మ నతికించుకొనవచ్చును. పసివానిపై గాజు పడిన నేమి చేయగలము? చదువరులారా, మీ మంచముల తలాపున నేమున్నదో ఈ రాత్రియే యొకసారి చూచుకొనుడు.