మా పాప ఫస్ట్ బేస్‌లో ఎందుకు నిలబడింది?



మీ పిల్లల్లో ఎవరిదైనా ఎడమచేతి వాటమా? మా చీరాలలో పుర్రచేయి అంటాం. అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. కాకపోయినా చదవండి, మీ వీధిలో ఒకరైనా ఉంటారు.

మా పాప ఏడో తరగతి. ఈ ఏడాది సాఫ్ట్‌బాల్ జట్టులో చేరింది. బేస్‌బాల్‌కి చెల్లెలు లాంటి ఆట ఇది. తన ఆశంతా షార్ట్‌స్టాప్ మీద. సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య నిలబడే చోటు అది. బంతులు ఎక్కువగా వస్తాయి, చూసేవాళ్ళ కళ్ళూ అక్కడే ఉంటాయి. పీఈటీ సార్ మాత్రం "నీది లెఫ్ట్ కదమ్మా" అని ఫస్ట్ బేస్‌లో పెట్టారట. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. చిన్నప్పుడు నాదీ పుర్రచేయే. పలక మీద అక్షరాలు దిద్దించేటప్పుడు మా నాయనమ్మ ఎడమచేతి మీద ఒక్కటిచ్చి బలపం కుడిచేతిలో పెట్టేది. మగ్గం మీద నాడెను ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టిన మనిషే, నా విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. నేను మారాను కదా, పాపా మారుతుందిలే అనుకున్నాను. మూడు వారాలు సాయంత్రం పూట మేడ మీద టెన్నిస్ బంతితో కుడిచేత్తో విసిరించాను. బంతి ఎదురింటి నీళ్ళ ట్యాంకుకి తగిలేది కానీ నా చేతికి వచ్చేది కాదు. భుజం నొప్పిగా ఉందని రెండుసార్లు చెప్పింది. అలవాటవుతుందిలే అన్నాను. మూడోసారి చెప్పలేదు, మేడ ఎక్కడమే మానేసింది.

అప్పుడు స్కూలుకి వెళ్ళాను, సార్‌తో తగువు పెట్టుకుందామనే. ఆయన ఏమీ అనకుండా బ్యాట్ కొనతో మట్టిలో మైదానం గీశారు.

కొట్టిన అమ్మాయి తన కుడివైపున్న ఫస్ట్ బేస్‌కి పరుగెత్తాలి, అక్కణ్ణుంచి సెకండ్, థర్డ్, మళ్ళీ హోమ్. గుడి చుట్టూ మనం చేసే ప్రదక్షిణకి సరిగ్గా ఎదురు దిశ. కాబట్టి షార్ట్‌స్టాప్‌లో బంతి పట్టినవాళ్ళు ఎక్కువసార్లు విసరాల్సింది ఫస్ట్ బేస్‌కి, అంటే తమ ఎడమవైపుకి. కుడిచేత్తో విసిరేవాళ్ళ ఎడమ భుజం అటే ఉంటుంది, ఒక్క అడుగేసి విసిరేస్తారు. ఎడమచేతి పిల్లలు ముందు ఒళ్ళంతా తిప్పుకోవాలి. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌కీ బేస్‌కీ మధ్య దూరం 60 అడుగులే, బేస్‌బాల్‌లో అయితే 90. తిరిగేలోపు రన్నర్ చేరిపోతుంది.

ఫస్ట్ బేస్‌లో లెక్క తిరగబడుతుంది. ఎడమచేత్తో విసిరేవాళ్ళు గ్లవ్ కుడిచేతికి తొడుక్కుంటారు, ఆ చేయి మైదానం వైపే ఉంటుంది. సెకండ్‌కో థర్డ్‌కో విసరాలంటే అక్కడ తిరగాల్సింది కుడిచేతివాళ్ళే. పిచ్చర్‌కీ, దూరంగా అవుట్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్ళకీ ఏ చేయైనా ఫర్వాలేదు.

ఆ పరుగు ప్రదక్షిణంగా పెట్టి ఉంటే, సార్‌తో తగువుకి కుడిచేతి పిల్లల నాన్నలు వచ్చి ఉండేవాళ్ళు!

అమెరికా మేజర్ లీగుల్లోనూ ఇదే వరస. ఎడమచేతి క్యాచర్ ఎంత అరుదంటే, 1989లో పిట్స్‌బర్గ్ జట్టుకి బెన్నీ డిస్టెఫానో మూడు మ్యాచ్‌లలో ఆ పని చేసినందుకే ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు. బేబ్ రూత్ కూడా బాల్టిమోర్ స్కూల్లో ఉండగా క్యాచరే. తన చేతికి సరిపడే గ్లవ్ దొరక్క, ఎడమచేతికే తొడుక్కుని బంతి పట్టి, గ్లవ్ తీసేసి అదే చేత్తో విసిరేవాడట.

మా స్కూల్ కిట్‌లోనూ అన్నీ ఎడమచేతికి తొడిగేవే. చీరాల షాపుల్లో దొరకలేదు. ఆన్‌లైన్‌లో "లెఫ్ట్ హ్యాండ్" అని చూసి తెప్పిస్తే మళ్ళీ ఎడమచేతికి తొడిగేదే వచ్చింది, వెనక్కి పంపాను. మీరు మోసపోకండి: "లెఫ్ట్ హ్యాండ్ త్రో" అని ఉండాలి, పొట్టిగా ఎల్‌హెచ్‌టీ అంటారు. కొనేముందు పిల్లలు ఏ చేత్తో విసురుతున్నారో చూడండి, బ్యాటింగ్ చూసి నిర్ణయించకండి. మన తిలక్ వర్మ బ్యాటింగ్ ఎడమచేత్తో, బౌలింగ్ కుడిచేత్తో. వెంకటపతి రాజుది సరిగ్గా దానికి తిరగేసి.

పాప ఇప్పుడు ఫస్ట్ బేస్‌లోనే ఆడుతోంది. షార్ట్‌స్టాప్ మీద మనసు పూర్తిగా పోలేదు. ప్రాక్టీస్‌లో సార్ అప్పుడప్పుడు అక్కడ కూడా నిలబెడుతున్నారు.

మొన్న ఆదివారం మేడ మీద బంతి నా చేతిలో పెట్టి, "నాన్నా, ఈసారి నువ్వు ఎడమచేత్తో వెయ్యి" అంది. ఎన్నేళ్ళయిందో ఆ చేత్తో విసిరి. వేశాను. ఎదురింటి ట్యాంకుకి తగిలింది.