గుద్దులో బలమెంత? పద్ధతెంత?

మన సంచికలో అమ్మ మీద కవితలు, క్రమశిక్షణ మీద వ్యాసాలు, పరీక్షలకు ఎలా చదవాలనే సూచనలు ఎప్పుడూ ఉంటాయి. అవన్నీ ఉండాల్సినవే. నేను మాత్రం ఈసారి గుద్దు గురించి రాస్తున్నాను. కొట్లాటలో వేసే గుద్దు కాదు, బాక్సింగ్ రింగులో వేసే గుద్దు. ఎనిమిది నుంచి పది దాకా ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే. బాక్సింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది కూడా ఇక్కడ ఉన్నప్పుడే.

మన నిజామాబాద్‌కు బాక్సింగ్ కొత్త కాదు. ఇక్కడ శంసముద్దీన్ గారి దగ్గర ఓనమాలు దిద్దుకున్న నిఖత్ జరీన్ 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఫైనల్లో ఐదుగురు జడ్జీలూ ఆమెనే గెలిపించారు. 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్ళీ గెలిచింది. శంసముద్దీన్ గారి అబ్బాయి హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. 2023లో తాష్కెంట్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. అక్కడ మోకాలి గాయం వల్ల రింగులోకి దిగలేక కాంస్యంతో తిరిగివచ్చాడు.

ఆ చివరి విషయం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. చేతులతో ఆడే ఆటగాణ్ణి మోకాలు ఎందుకు ఆపింది? చేతికి ఏమీ కాలేదు కదా! దీనికి జవాబు తెలిస్తే గుద్దు సగం వచ్చినట్టే.

గుద్దు పుట్టేది నేలలో. వెనక కాలి మునివేళ్ళు నేలను తోస్తాయి. ఆ తోపు మోకాలి మీదుగా నడుముకు వస్తుంది. నడుము తిరుగుతుంది, దాని వెంట భుజం తిరుగుతుంది, ఆఖరున చెయ్యి వెళ్తుంది. చెయ్యి ఒక్కటే వెళ్తే ఎదుటివాడికి తగిలేది చేతి బరువు మాత్రమే. కాలు, నడుము కలిస్తే ఒంటి బరువంతా దాని వెనక ఉంటుంది. కొత్తగా గ్రౌండుకు వచ్చే పిల్లలు పళ్ళు బిగించి, భుజాలు బిగించి, చెయ్యి వెనక్కి లాగి మరీ కొడతారు. వెనక్కి లాగగానే ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. బిగించిన కండరం వేగంగా కదలదు. మా ఫిజిక్స్ లెక్కలో చెప్పాలంటే, బరువు రెట్టింపైతే గతిశక్తి రెట్టింపే అవుతుంది, వేగం రెట్టింపైతే మాత్రం నాలుగు రెట్లవుతుంది. అందుకే చెయ్యి దారి పొడుగునా వదులుగా ఉండాలి, తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి బిగియాలి.

ఇప్పుడు ఒక్కొక్కటిగా చెబుతాను. కుడిచేతి వాటం వాళ్ళు ఎడమ కాలు ముందు పెట్టి, కాళ్ళ మధ్య భుజాలంత ఎడం ఉంచి, మోకాళ్ళు కొద్దిగా వంచి నిలబడాలి. వెనక మడమ కొంచెం లేచి ఉండాలి. గడ్డం కిందికి, రెండు చేతులూ చెంపల దగ్గర, మోచేతులు పక్కటెముకలను కాపాడుతూ ఉండాలి. బొటనవేలు పిడికిలి లోపల పెడితే విరుగుతుంది, బయట వేళ్ళ మీదుగా మడవాలి. తగలాల్సింది చూపుడువేలు, మధ్యవేలు కణుపులు. చిటికెనవేలు వైపు తగిలితే దాని వెనకున్న సన్నని ఎముక విరిగే ప్రమాదం ఉంది. మణికట్టు ముంజేతితో సూటిగా ఉండాలి. అది వంగితే గుద్దు బలం అక్కడే ఖర్చయిపోతుంది, బెణుకు మనకు మిగులుతుంది. అందుకే గ్లవ్స్ కింద నాలుగున్నర మీటర్ల గుడ్డపట్టీ చుట్టుకుంటాం.

ముందు చేత్తో వేసేది జాబ్. సూటిగా వెళ్ళాలి, చివర్లో అరచెయ్యి నేలను చూడాలి, అదే దారిలో అంతే వేగంగా చెంప దగ్గరికి తిరిగి రావాలి. వెనక చేత్తో వేసేది క్రాస్. దీనికి వెనక మడమ బయటికి తిరగాలి, సిగరెట్ పీకను కాలితో నలిపినట్టు. హుక్‌లో మోచెయ్యి దాదాపు లంబకోణంలో వంగి, ముందు కాలు తిరుగుతుంది. అప్పర్‌కట్‌కు మోకాళ్ళు వంగి లేవాలి, అరచెయ్యి మన వైపు ఉండాలి. ప్రతి గుద్దుకూ ముక్కుతో చిన్నగా 'హుస్' అని గాలి వదలాలి. ఊపిరి బిగపడితే ఒక్క రౌండుకే ప్రాణం పోయినట్టవుతుంది. పెద్దల పోటీల్లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి, మధ్యలో ఒక్క నిమిషమే విశ్రాంతి.

అన్నిటికంటే ఎక్కువమంది మరిచేది, గుద్దిన చెయ్యి తిరిగి రావడం. గుద్ది, అది ఎంత బాగా తగిలిందో చూసుకుంటూ నిలబడితే ఖాళీగా ఉన్న చెంప మీద రెండోది పడుతుంది. కోచ్ సారు చంకలో చిన్న తువ్వాలు పెట్టి జాబ్ వేయమనేవారు. మోచెయ్యి పక్కకు లేస్తే తువ్వాలు పడిపోతుంది. నెల రోజులు ఆ తువ్వాలు మా గురువు.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. మా బాపు మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు బస్తాలు మోస్తాడు. నేను బాక్సింగ్‌లో చేరానని తెలిసి అమ్మ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు, చదువుకోవడానికి పంపితే కొట్టుకోవడం నేర్చుకుంటున్నానని. బాపు మాత్రం చిరిగిన గోనెసంచి ఒకటి తెచ్చిచ్చాడు. దాన్లో పాత బట్టల ముక్కలు, ఊక కలిపి కూరి చెట్టుకు వేలాడదీశాం. ఇసుక ఒక్కటే నింపితే అడుగుకు దిగి రాయిలా గట్టిపడుతుంది, చేతులు పాడవుతాయి. ఆ సంచికి పసుపు వాసన పోలేదు. చేతుల పట్టీలు ఎన్నిసార్లు ఉతికినా పసుప్పచ్చగానే ఉండేవి.

ఒకరోజు బాపు నేను కొట్టేది కాసేపు చూసి అన్నాడు: "బస్త నడుముతోని లేపద్దు బిడ్డా, కాళ్ళతోని లేపాలె. నీ గుద్దు గూడ అట్లనే ఉన్నది." కోచ్ సారు చెప్పిందే! బాపు బడికి పోయింది రెండో తరగతి దాకానే. కానీ మోకాళ్ళు వంచి, బస్తాను ఒంటికి దగ్గరగా పెట్టుకుని, ఊపిరి వదులుతూ లేవడం ఆయనకు తెలుసు. ఆ పద్ధతి తెలియని వాళ్ళు నాలుగేళ్ళలో నడుము పోగొట్టుకుని ఇంటికి వెళ్ళడం కూడా చూశాడు.

డిగ్రీలో ఒక పోటీలో నేను గెలిచి గ్లవ్స్ విప్పుతుంటే, పక్కనున్న ఒక పెద్దమనిషి మెచ్చుకోలుగానే అన్నాడు: "హమాలీ కొడుకు గదా, బలముంటది." ఆయన మనసులో చెడు లేదు. అయినా ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. చంకలో తువ్వాలుతో గడిచిన నెల, తెల్లవారుజామున ఐదింటికి ఆడిన తాడాట, ఇవేవీ ఆ మాటలో లేవు. నాదే కాదు, మా బాపు పనితనం కూడా అందులో లేకుండా పోయింది. బలం ఒక్కటే ఉంటే బస్తా లేవదు, బస్తా లేపడం ఒక విద్య.

మన హాస్టల్ పిల్లలందరికీ ఈ మాట తెలిసిందే. ఆటలో గెలిస్తే బలం అంటారు. సీటు వస్తే రిజర్వేషన్ అంటారు. ఉద్యోగం వస్తే అదృష్టం అంటారు. మధ్యలో రాత్రి పదకొండు దాకా వరండా లైటు కింద చదివిన చదువు ఎవరి లెక్కలోకీ రాదు. కాబట్టి మన పనిని మనమే పేరు పెట్టి చెప్పుకోవాలి. ఎలా నేర్చుకున్నామో, ఎన్నాళ్ళు నేర్చుకున్నామో తర్వాత వచ్చేవాళ్ళకు వివరంగా చెప్పాలి. ఈ నాలుగు పేజీలు అందుకే.

నిఖత్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీలోనే చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడింది. ఆ వూ యూనే ఆ విభాగంలో స్వర్ణం గెలిచింది. నిఖత్ మళ్ళీ సాధనకు దిగి, 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చుకుంది. అంతటి చాంపియన్ల సాధనలో కూడా మనలాగే తాడాట, నీడతో పోరు ఉంటాయి.

తమ్ముళ్ళూ, గ్లవ్స్ లేవని ఆగకండి. నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. గీతకు చెరో పక్క కాళ్ళు పెట్టి నిలబడండి. మూడు నిమిషాలు గాలిలో జాబ్ వేయండి, ఒక నిమిషం ఆగండి, మళ్ళీ మూడు నిమిషాలు. మొదట నెమ్మదిగా, తప్పు లేకుండా, ఆ తర్వాతే వేగం. పక్కనున్న వాణ్ణి మీ మడమ తిరుగుతుందో లేదో చూడమనండి. కోచ్ లేకుండా ఒకరి తల మీద ఒకరు మాత్రం కొట్టుకోవద్దు. సాయంత్రం ఇచ్చే శనగలు, గుడ్డు వదిలిపెట్టకండి. చదువు అసలే వదిలిపెట్టకండి.

వార్డెన్ సారుకు, వంటమనుషులకు, అన్నలకు, తమ్ముళ్ళకు వార్షికోత్సవ శుభాకాంక్షలు. సెలవుల్లో వచ్చినప్పుడు గ్రౌండులో కలుద్దాం. తువ్వాలు తెచ్చుకోండి.