తాళం నంబరు పంపితే సరిపోతుందా?

ఈ మధ్య మనవాళ్ళు చాలామంది ఇ.ఎం.ఐ. భారం తగ్గుతుందని కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉన్న ఫ్లాటుని రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. ఓనరు డాలస్‌లో, తలుపుకి నంబర్ల తాళం, మాటలన్నీ వాట్సాప్‌లో. అంతా సవ్యంగా ఉన్నన్నాళ్ళూ బానే ఉంటుంది. అతిథికి అర్ధరాత్రి ఒళ్ళు కాలిపోతేనే అసలు సంగతి బయటపడుతుంది.

మొన్న వానాకాలంలో మా అపార్టుమెంట్లో అదే జరిగింది. ఇంటర్వ్యూకని విశాఖ నుంచొచ్చిన కుర్రాడికి వాంతులు, 103 జ్వరం. 108కి ఫోన్ చేశాడు గానీ బ్లాకు పేరు చెప్పలేకపోయాడు. ఓనరు పంపింది మ్యాపులో ఒక చుక్క మాత్రమే మరి! తీరా అంబులెన్సు వచ్చాక, యాప్‌లో అప్రూవల్ రాలేదని సెక్యూరిటీ గేటు దగ్గర ఆపేశాడు. అప్రూవ్ చెయ్యాల్సిన ఓనరుగారు మీటింగులో ఉన్నారు. కింద ఫ్లాటు పెద్దాయన లేచొచ్చి గదమాయిస్తే గేటు తెరిచారు. కుర్రాడు కోలుకున్నాడు లెండి. మర్నాడు ఓనరు మెసేజి: "చెకౌట్ 11కి. క్లీనింగ్ చార్జీ ఎక్స్‌ట్రా."

"ఇల్లిచ్చాం గానీ ఆస్పత్రి పెట్టామా?" అనేవాళ్ళున్నారు. నిజమే, బిల్లు కట్టక్కర్లేదు. మందులు ఇవ్వక్కర్లేదు, ఇవ్వకూడదు కూడా. డెంగీ అయితే మనం ఇంట్లో ఉంది కదా అని ఇచ్చే బ్రూఫెన్ వల్ల రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కానీ అమెరికా కోర్టులు తరచూ ఆధారపడే రీస్టేట్‌మెంట్ ఆఫ్ టోర్ట్స్ (1965) సెక్షన్ 314ఎ ఏమంటుందంటే, అతిథి జబ్బుపడ్డాడని తెలిస్తే సత్రం నడిపేవాడు ప్రథమ చికిత్స అందేలా చూడాలి, వేరేవాళ్ళు చూసుకునేదాకా కనిపెట్టుకునుండాలి. ఫ్లాటు సత్రమవుతుందా కాదా అన్నది లాయర్లు తేల్చుకుంటారు. డబ్బు తీసుకుని ఊరుకాని ఊరివాడికి నీడ ఇచ్చినవాడికి ఆ మాట వర్తించదని మాత్రం నేననుకోను.

చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. బ్లాకు, ఫ్లాటు నంబరు, గుర్తులతో సహా పూర్తి చిరునామా, దగ్గర్లో రాత్రంతా తెరిచుండే ఆస్పత్రి పేరు గోడమీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అంటించాలి. అంబులెన్సుని అప్రూవల్ అడక్కుండా వదలమని గేటు దగ్గర ముందే చెప్పాలి. ఊళ్ళో ఫోనెత్తి, అవసరమైతే వచ్చే మనిషి ఒకరుండాలి. సర్వర్ పడిపోతుందేమోనని ఆన్‌కాల్ వేసుకునే మనకి ఇది కొత్తా? మర్నాడు ఇంకొకరి బుకింగ్ ఉంటే దగ్గర్లో మరో గది చూసిపెట్టాలి గానీ, తాళం నంబరు మార్చేసి సామాను బయటపెట్టకూడదు. అతని జబ్బు సంగతి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

ఇంతమాత్రం కుదరదంటే ఫ్లాటుని హాయిగా నెలవారీ అద్దెకిచ్చుకోవడం మేలు. ఏమంటారు?